మా గేటు దాటి ఓటడగడానికి ఎవరొస్తున్నారు?

2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక పోలింగ్ జరిగిన సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చిపడింది. ఓటెయ్యని వాడికి రోడ్డు మీద గుంతల గురించి అడిగే హక్కు లేదని పెద్ద అక్షరాలు, కింద ముసుగు తన్ని పడుకున్న మనిషి బొమ్మ. మేముండేది నిజాంపేటలో, ఆ ఉప ఎన్నికతో మాకు సంబంధమే లేదు, అయినా దాని కింద బొటనవేళ్ళు బోలెడన్ని పడ్డాయి. టీవీలో అప్పటికే చర్చ మొదలైంది. పోలింగ్ 48 శాతం చిల్లర, హైదరాబాదోళ్ళు మారరు, సెలవిస్తే రిసార్టులకి పోతారు, చదువుకున్నవాళ్ళకే బాధ్యత లేదు.

ఈ తిట్లు నాకు కంఠతా వచ్చేశాయి. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 46 శాతం చిల్లర వచ్చినప్పుడూ ఇవే. 2024 మే 13న లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ 48.48 దగ్గర ఆగిపోయి, సికింద్రాబాద్ 49 దగ్గర, మా మల్కాజిగిరి 50.78 దగ్గర నిలబడినప్పుడూ ఇవే. ప్రతిసారీ ఎవరో ఒక సినిమా నటుడు సిరా గుర్తు వేలు చూపిస్తూ ఫోటో దిగుతాడు, మిగతా ఊరంతా సిగ్గుతో తల దించుకోవాలి.

నాకైతే ఈ తిట్టు తప్పు ఇంటి తలుపు కొడుతోందనిపిస్తుంది. బద్ధకస్తులు లేరని కాదు, మా అంతస్తులోనే ఉన్నారు. కానీ బద్ధకం పెద్ద కారణం కాదు. జాబితాలో ఉన్న పేర్లకీ నగరంలో ఉన్న మనుషులకీ పొంతన లేకపోవడం మొదటి సంగతి. ఉన్న మనుషుల్ని వచ్చి అడిగే దిక్కు లేకపోవడం రెండోది. మనిషి బూత్‌కి వెళ్ళేది రాజ్యాంగం గుర్తొచ్చి కాదు, వెళ్ళకపోతే ఏమైందని అడిగేవాళ్ళు ఉన్నారని తెలిసి. అయితే ఎవరికి వేస్తాడన్నది వేరే లెక్క, అక్కడ ఈ అడిగేవాళ్ళ మాట అంతగా చెల్లదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

జాబితాలో మా ఫ్లాటు

పోయిన లోక్‌సభ ఎన్నికల ముందు మా పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితా డౌన్‌లోడ్ చేశాను. అందరూ తమ పేరు ఉందో లేదో చూసుకుని మూసేస్తారు కదా, నేను ఇంటి నంబరు పట్టుకుని వెతికాను. మా ఫ్లాటు మీద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. వాటికి పైన, మాకంటే ముందు అద్దెకున్న కుటుంబం మొత్తం ఉంది, వాళ్ళు బెంగళూరు వెళ్ళిపోయి చాన్నాళ్ళయింది. ఇంకా పైన ఒకరి ఇంటిపేరు ఒకరితో కలవని కుర్రాళ్ళు, ఎప్పుడో గది పంచుకున్న బ్యాచిలర్లు అయ్యుంటారు. కింది ఫ్లాటులో పెద్దాయన పోయి సంవత్సరీకం కూడా అయిపోయింది. జాబితాలో మాత్రం ఆయన ఉన్నాడు, పైగా కొత్త జాబితా వచ్చిన ప్రతిసారీ ఆయన వయసు ఒక ఏడాది పెరుగుతోంది.

వీళ్ళెవరూ మే 13న ఓటెయ్యలేదు. వీళ్ళందరూ ఆ రోజు సాయంత్రం టీవీలో బద్ధకస్తులయ్యారు.

పేరు తీసెయ్యాలంటే ఫారం 7 ఇవ్వాలి, ఇల్లు మారితే ఫారం 8. చనిపోయిన మనిషి తాలూకు వాళ్ళకి బ్యాంకు, ఎల్ఐసీ, కరెంటు మీటరు పేరు మార్పు ఇలా వంద పనులుంటాయి, ఫారం 7 ఎవరికి గుర్తుంటుంది? ఇల్లు మారినవాడు గ్యాస్ కనెక్షన్ మార్చుకుంటాడు, ఆధార్‌లో చిరునామా మార్చుకుంటాడు, ఓటు దగ్గరికొచ్చేసరికి ఎన్నికలప్పుడు చూద్దాంలే అంటాడు. అధికారులకి తామే చొరవ తీసుకుని తీసెయ్యాలంటే భయం. ఆ భయానికి కారణం ఉంది. 2018 డిసెంబర్ అసెంబ్లీ ఎన్నికల్లో బతికున్నవాళ్ళ పేర్లు గల్లంతై ఎంత గోలైందో గుర్తుందిగా, బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరు లేదని బయటపెట్టింది, అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పాల్సొచ్చింది. పేరు తీసేస్తే గొడవ, ఉంచేస్తే పోలింగ్ శాతం తగ్గుతుంది. ఏ ఉద్యోగైనా రెండోదే ఎంచుకుంటాడు, శాతం తగ్గితే తిట్లు జనానికి కదా పడేది.

బీఎల్వో, అంటే బూత్ స్థాయిలో జాబితా చూసుకునే ఉద్యోగి, ఇంటింటికీ తిరగాలి అంటారు. మా దగ్గరికి వచ్చినావిడని నేను చూశాను. గేటు దగ్గర విజిటర్ల పుస్తకంలో తన పేరు, ఫోన్ నంబరు, వచ్చిన పని రాయించారు. ఆ తర్వాత వాచ్‌మన్ గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. సెక్యూరిటీ అబ్బాయి ఇంటర్‌కమ్‌లో ఒక్కో ఫ్లాటుకీ చేస్తున్నాడు, సగం మంది ఎత్తలేదు, ఎత్తినవాళ్ళలో ఒకరు విషయం వినకుండానే మాకేం వద్దు, ఏమీ కొనం అని పెట్టేశారు. ఆవిడ ఒళ్ళో కాగితాలు పెట్టుకుని, ఫలానా ఫ్లాటులో ఇప్పుడెవరుంటున్నారని అడుగుతుంటే టకటకా చెప్పగలిగింది వాచ్‌మన్ భార్య ఒక్కతే. ఎవరు ఖాళీ చేశారు, ఎవరి కొడుకు అమెరికా పోయాడు, ఎవరింట్లో ముసలామె ఇప్పుడు పెద్ద కూతురి దగ్గరుంటోంది, అన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి. అసోసియేషన్ ప్రెసిడెంటుకి అందులో పావు వంతు కూడా తెలియదు.

ఇప్పుడు మల్కాజిగిరి అంకెలు చూడండి. 2019లో 31 లక్షల పైచిలుకు ఓటర్లు, 2024కి 37 లక్షలు దాటిపోయారు, దేశంలోకెల్లా పెద్ద లోక్‌సభ నియోజకవర్గం. 50.78 శాతం అంటే పోలైన ఓట్లు సుమారు 19 లక్షలు. దేశంలో చాలా నియోజకవర్గాల్లో మొత్తం ఓటర్లే అంతమంది ఉండరు. సగం మందే వేశారని బాధపడే ముందు ఆ సగం దేనిలో సగమో అడగాలి కదా.

వేసిందీ వాళ్ళే, వెయ్యందీ వాళ్ళే

ఇంకో ముడి ఉంది. అదే 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి పోలింగ్. ముందు శని, ఆదివారాలు, సోమవారం పోలింగ్. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు ఎలా బారులు తీరాయో, ఎంజీబీఎస్ బస్టాండ్‌లో కాలు పెట్టే సందు లేకుండా ఎలా నిండిందో అందరం చూశాం. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ ఆ రెండు రోజులూ సంక్రాంతి వచ్చినట్టు ఖాళీ అయ్యాయి. ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది.

ఒక మనిషికి రెండు చోట్ల ఓటుండకూడదని చట్టం చెబుతుంది. ఉంటున్నాయని వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. మా వాచ్‌మన్‌ది శ్రీకాకుళం జిల్లా. పోలింగ్‌కి ముందే ఊరినుంచి ఫోన్లు మొదలయ్యాయి, చార్జీలు ఫోన్‌పే చేశామన్నారు. ఇక్కడే వేసుకోవచ్చుగా, అంత దూరం ఎందుకు అంటే అతనన్న మాట: "ఎల్లకపోతే ఊర్లో మాటొచ్చేస్తాది సార్. రేపు ఇంటి పట్టా కావాలన్నా, అమ్మకి పింఛనీ కావాలన్నా ఆలే కదా. ఇక్కడెవులకి తెలుస్తాది నేనేసానో నేదో."

ఆ ఒక్క ముక్కలో మొత్తం ఉంది. ఆంధ్రలో బాధ్యత గల పౌరుడిగా లెక్కకొచ్చిన మనిషి, హైదరాబాద్‌లో కూడా పేరుంటే అదే రోజు బాధ్యత లేని పౌరుడి కింద లెక్కకొచ్చాడు. మనిషి మారలేదు, గుణం మారలేదు.

భువనగిరిలో ఏముంది, మనకేం లేదు

మాది భువనగిరి వైపు పల్లె. ఆ లోక్‌సభ స్థానంలో 2024లో 76.78 శాతం పోలైంది, రాష్ట్రంలో అదే ఎక్కువ. పక్కనే ఆనుకుని ఉన్న మల్కాజిగిరికీ దానికీ 26 పాయింట్ల తేడా. అవే ఎండలు, అదే సెలవు, అదే ఎన్నికల సంఘం ప్రకటనలు. భువనగిరి వాళ్ళకి ప్రజాస్వామ్యం మీద మనకంటే ఒకటిన్నర రెట్లు ప్రేమ ఉందని నమ్మమంటే నేను నమ్మను.

మా అమ్మ ఓటు ఊళ్ళోనే ఉంది. మోకాళ్ళ నొప్పి, ఇంట్లో లేచి నడవడమే కష్టం. పొద్దున్నే మహిళా సంఘం లీడర్ వచ్చి "అత్తమ్మా, ఎండ ముదరకముందే పోయొద్దాం" అందట. అమ్మ కాసేపాగి పోతాలే అంది. పదకొండింటికి ఇంకో పార్టీ తరఫున మా చిన్నాయన కొడుకు ఆటో తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఇద్దరికీ తెలుసు అమ్మ ఇంకా వెయ్యలేదని. ఎలా తెలుసంటే, బూత్‌లో కూర్చునే ఏజెంట్ల దగ్గర జాబితా ఉంటుంది, వచ్చినవాళ్ళ పేరు మీద టిక్కు పెడుతూ పోతారు, మధ్యాహ్నానికి ఎవరింట్లో ఎవరు మిగిలారో బయటికి కబురొస్తుంది. మూడింటికి కూడా టిక్కు పడకపోతే ఫోన్ చేస్తారు, "ఏమైంది పెద్దమ్మా, పాణం బాగలేదా?" అని. ఓటు కోసమే అడిగినా పాణం గురించి అడగడమేగా అది.

ఈ పద్ధతి పల్లెల సొత్తేం కాదు. మా అపార్ట్‌మెంట్ వెనక గోడకి ఆనుకుని బస్తీ ఉంది. పోలింగ్ రోజు మధ్యాహ్నం మా బాల్కనీలోంచి చూస్తే ఒకామె చేతిలో ఓటరు స్లిప్పుల కట్టతో సందులో తిరుగుతోంది. ఒక ఇంటి ముందు ఆగి గిన్నెలు తోముకుంటున్న ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచి, "ఇంకెప్పుడు పోతవ్ అక్కా, నీ ఒక్కదానిదే ఉన్నది ఈ లైన్ల" అంది. ఆమె చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ అలాగే బయల్దేరింది. గోడకి ఇటువైపు మా రెండు బ్లాకులున్నాయి, అటువైపు తిరిగిన ఆ స్లిప్పుల మనిషి మా గేటు వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఏం లాభం, విజిటర్ల పుస్తకంలో ఏం రాస్తుంది, పర్పస్ ఆఫ్ విజిట్ కింద?

అడగడానికి ఇంత బలముందా అని అనుమానం ఉన్నవాళ్ళకి ఒక సంగతి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ 1998లో న్యూ హేవెన్ ఊళ్ళో దాదాపు 30 వేల మంది ఓటర్ల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్ళకి మనుషుల్ని పంపి ముఖాముఖి అడిగించారు, కొందరికి పోస్టులో కరపత్రాలు, కొందరికి ఫోన్లు. ఇంటికెళ్ళి అడిగిన చోట ఓటేసినవాళ్ళు గట్టిగానే పెరిగారు, కరపత్రాలకి ఏదో కొంచెం, ఫోన్లకి ఏమీ లేదు. 2006లో మిషిగన్ రాష్ట్రంలో ఇంకో అడుగు వేశారు. మీరూ మీ పక్కింటివాళ్ళూ పోయిన ఎన్నికల్లో ఓటేశారో లేదో రాసి ఉత్తరం పంపారు, ఈసారీ పంపుతామన్నారు. 8 పాయింట్లు పెరిగింది. అక్కడ అంత ఖర్చు పెట్టి ఉత్తరాలతో చేసిన పని మన పల్లెలో అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఊరికే చేసేస్తారు.

మరి మన ఎన్నికల సంఘం నగరాల్లో ఏం చేస్తోంది? హోర్డింగులు, ఎస్సెమ్మెస్‌లు, కాలర్ ట్యూన్లు, ఫ్లాష్‌మాబ్‌లు. సరిగ్గా పనిచెయ్యనివే ఏరి ఏరి చేస్తున్నట్టుంది.

ఆడవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1962 లోక్‌సభ ఎన్నికల్లో మగవాళ్ళలో 63 శాతం ఓటేస్తే ఆడవాళ్ళలో 47 శాతం లోపే. 2019కి వచ్చేసరికి ఆడవాళ్ళు ఒక వెంట్రుకవాసి ముందుకొచ్చారు, 2025 బిహార్ ఎన్నికల్లో అయితే మగవాళ్ళని చాలా వెనక వదిలేశారు. చదువు పెరిగింది, నిజమే. పథకాల డబ్బు నేరుగా ఖాతాల్లో పడుతోంది, అదీ నిజమే. వలస పోయిన మగవాళ్ళు ఊళ్ళో లేరు, ఇది బిహార్‌లో పెద్ద కారణం. కానీ ఈ పాతికేళ్ళలో పల్లెల్లో ఆడవాళ్ళని నెలనెలా ఒక చోట కూర్చోబెట్టి, ఒకరి పేరు ఒకరు పిలుచుకునేలా చేసిన స్వయం సహాయక సంఘాల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరెందుకో.

డబ్బు మాటేంటి మరి

ఈ మాట ఎక్కడ చెప్పినా మొదటి ప్రశ్న ఇదే. మా కొలీగ్ ఒకాయన భోజనాల దగ్గర తేల్చేశాడు: "అడగడం గాదు బ్రదర్, కవర్ ఇవ్వడం. బస్తీలో ఇస్తారు కాబట్టి వేస్తారు, మనకివ్వరు కాబట్టి వెయ్యం, సింపుల్."

కవర్లు పంచరని నేనను. మన రెండు రాష్ట్రాల్లో ఓటుకి నోటు ఏ స్థాయిలో నడుస్తుందో తెలియనివాడు లేడు. కానీ ఒక పార్టీ ఇస్తే అవతల పార్టీ కూడా ఇస్తుంది, ఇద్దరి దగ్గరా తీసుకుంటారు, వేసేది ఒకరికే. ఇద్దరిలో ఎవరికి వేశారో ఎవరూ చూడలేరు. అంటే ఓటు కొనడం అనే మాట సగమే నిజం. కవర్ చేసే అసలు పని ఏంటంటే, ఇంటికి ఒక మనిషిని పంపిస్తుంది. ఆ మనిషి జాబితా చూసి, మీ ఇంట్లో నాలుగు ఓట్లు కదా, చిన్నోడిది ఎక్కిందా అని అడుగుతాడు. అందని ఇంటివాళ్ళు మాకెందుకు రాలేదని రోడ్డెక్కిన సందర్భాలు ఉప ఎన్నికల్లో టీవీలోనే చూశాం. వాళ్ళ కోపం ఐదొందలకో రెండు వేలకో కాదు పూర్తిగా, తమని లెక్కలోంచి తీసేశారని.

ఇంకోటి, అపార్ట్‌మెంట్ల వాళ్ళం మనమేదో గంగిగోవులమన్నట్టు మాట్లాడకూడదు. ఎన్నికల సీజన్లో అసోసియేషన్లకి బోరు, సీసీ కెమెరాలు, గేటుకి రంగులు ఎక్కడెక్కడినుంచి వస్తాయో అడగండి. మనకిచ్చేది మొత్తం బిల్డింగుకి కలిపి ఇస్తారు కాబట్టి అది అభివృద్ధి. తేడా ఎక్కడొచ్చిందంటే, బిల్డింగుకి కలిపి ఇచ్చినప్పుడు ఒక్కో తలుపూ కొట్టి, వేశావా అని అడిగే మనిషి ఉండడు. బోరు పడింది, ఓట్లు పడలేదు.

పాతబస్తీ అడ్డం తిరుగుతుంది

నా వాదనకి గట్టి దెబ్బ పాతబస్తీ. అక్కడ అపార్ట్‌మెంట్ గేట్లు లేవు, ఇంటర్‌కమ్‌లు లేవు, సందు సందుకీ ఒకరికొకరు తెలుసు, మజ్లిస్ పార్టీ కార్యాలయం దారుస్సలాంలో రోజూ జనం అర్జీలు పట్టుకుని నిలబడతారు. అడిగే మనుషులకి కొదవే లేదు. అయినా హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ 2019లో 45 శాతం లోపు, 2024లో 48.48. రాష్ట్రంలో అన్నిటికంటే కింద.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబుంది. 1984 నుంచి ఆ సీటు ఒకే కుటుంబానిది, ముందు సలావుద్దీన్ ఒవైసీ, 2004 నుంచి అసదుద్దీన్ ఒవైసీ. 2024లో అంత హోరాహోరీ అని టీవీలు ఊదరగొట్టినా మెజారిటీ 3.38 లక్షలు. గెలుపు ముందే తెలిసినప్పుడు గెలిచేవాళ్ళు గట్టిగా అడగరు, ఓడేవాళ్ళకి అడిగే బలం లేదు. 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ లోక్‌సభకి 9 ఓట్లతో గెలిచారు. తొమ్మిది! అలాంటి చోట తర్వాత ఎన్నికలో ఏ కార్యకర్తైనా ఒక్క ముసలమ్మనైనా ఇంట్లో వదిలేస్తాడా? పోటీ ఉంటేనే అడుగుతారు. మిగతా సగం, పాతబస్తీ జాబితాల్లో కూడా ఇల్లు మారిపోయినవాళ్ళూ, గల్ఫ్ పోయినవాళ్ళూ కొల్లలు. ఈ రెండూ కలిపినా మొత్తం తేడా పూడుతుందని చెప్పలేను. అడగడం ఒక్కటే చాలదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

బూత్ దాకా ఒకరు, మీట దగ్గర ఇంకొకరు

ఇప్పుడు అసలు చిక్కు. అడిగేవాళ్ళ వల్లే జనం బూత్‌కి పోతే, వేసేది కూడా వాళ్ళు చెప్పినవాళ్ళకేనా? అయితే ఇది ప్రజాస్వామ్యమా, గొర్రెల మందా?

మల్కాజిగిరే జవాబు చెబుతుంది. దీని కింద ఏడు అసెంబ్లీ సీట్లు. 2023 నవంబర్ 30న జరిగిన ఎన్నికల్లో ఏడుకి ఏడూ బీఆర్ఎస్ గెలిచింది. ఏడుగురు ఎమ్మెల్యేలు, వాళ్ళ కార్పొరేటర్లు, బస్తీ లీడర్లు, స్లిప్పులు పంచే మనుషులు, యంత్రాంగం చాలావరకు వాళ్ళదే. ఐదున్నర నెలలకి లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. బీజేపీ నుంచి ఈటల రాజేందర్ 3.9 లక్షల మెజారిటీతో గెలిచారు, కాంగ్రెస్ రెండోది, బీఆర్ఎస్ మూడో స్థానానికి పోయింది. రాష్ట్రం మొత్తం మీద బీఆర్ఎస్ ఓట్లు 37 శాతం నుంచి 17 శాతం లోపుకి పడిపోయాయి, బీజేపీవి 14 నుంచి 35కి ఎగబాకాయి. పదిహేడు సీట్లలో కాంగ్రెస్ 8, బీజేపీ 8, మజ్లిస్ 1, బీఆర్ఎస్ సున్నా.

ఇంతకన్నా విచిత్రం సికింద్రాబాద్ కంటోన్మెంట్. ఎమ్మెల్యే లాస్య నందిత రోడ్డు ప్రమాదంలో చనిపోవడంతో ఆ అసెంబ్లీ సీటుకి లోక్‌సభతో పాటే అదే రోజు ఉప ఎన్నిక పెట్టారు. అవే బూత్‌లు, వేలికి అదే సిరా, రెండు యంత్రాలు. ఉప ఎన్నికలో కాంగ్రెస్ నుంచి శ్రీగణేశ్ గెలిచారు, ఆయన ఆర్నెల్ల ముందు అదే సీట్లో బీజేపీ అభ్యర్థిగా ఓడిన మనిషి! ఆ సీటు భాగంగా ఉన్న మల్కాజిగిరి లోక్‌సభేమో బీజేపీకి పోయింది.

అంటే ఓటరు బూత్ దాకా కార్యకర్త వెంట వెళ్తాడు గానీ మీట దగ్గర తన లెక్క తనకుంటుంది. ఎమ్మెల్యేతో పనుంటుంది. పట్టా, పింఛను, డ్రైనేజీ, పోలీస్ స్టేషన్‌లో ఒక ఫోన్. "ఎంపీతో మనకేం పని?" అన్నది మన ఇళ్ళల్లో రోజూ వినే మాట. కాబట్టి లోక్‌సభకి వేసేటప్పుడు ఎదురుగా ఉన్న అభ్యర్థి కనపడడు, ఢిల్లీలో ఎవరుండాలన్నది కనపడుతుంది. మోదీ కావాలి, మోదీ వద్దు, రిజర్వేషన్లు ఉంటాయా పోతాయా, గుడి, దేశం, ఫ్రీ బస్సు ఇచ్చినవాళ్ళకి ఇంకో అవకాశం. మా అమ్మని ఆటోలో తీసుకెళ్ళిన కొడుకు వరస అబ్బాయి దారంతా తన పార్టీ గుర్తు చెబుతూనే ఉన్నాడట. ఎవరికేశావమ్మా అని నేనడిగితే, "ఆటో వానిది, ఓటు నాది" అంది. నాకూ చెప్పలేదు.

అందుకే లోక్‌సభ ఎన్నికల్లో ఒక మెలిక పడుతుంది. ఎంపీతో పని లేదు కాబట్టి స్థానిక నాయకులకీ అంత పట్టుదల ఉండదు, గట్టిగా అడగరు. తెలంగాణలో 2018 డిసెంబర్‌లో 73 శాతం పోలైతే నాలుగు నెలలకి లోక్‌సభకి 63 లోపు, 2023లో 71 అయితే 2024లో 66 లోపు. అడిగేవాళ్ళు తగ్గినప్పుడు ఎవరొస్తారు? ఎవరూ అడక్కపోయినా వచ్చేంత కసో అభిమానమో ఉన్నవాళ్ళు. అలాంటివాళ్ళ బరువు పెరిగిన ఎన్నిక సహజంగానే ఒకవైపు గట్టిగా ఊగుతుంది. బీఆర్ఎస్ ఓటర్లలో ఎంతమంది పార్టీ మారారో, ఎంతమంది అసలు ఇంట్లోంచే రాలేదో శాతాలు చూసి చెప్పలేం. రెండూ జరిగాయని మాత్రం నా అంచనా.

పోలింగ్ పెరిగితే ప్రభుత్వం మీద వ్యతిరేకత అనే టీవీ సూత్రం ఒకటుంది, దాన్ని కూడా ఇక్కడే పాతిపెట్టేస్తే మంచిది. 2014లో దేశంలో పోలింగ్ 58 నుంచి 66కి పెరిగింది, ప్రభుత్వం మారింది. 2019లో ఇంకా పెరిగి 67 దాటింది, అదే ప్రభుత్వం ఇంకా ఎక్కువ సీట్లతో వచ్చింది. తెలంగాణలో 2023లో పోలింగ్ తగ్గింది, ప్రభుత్వం పడింది. ఇక సూత్రం ఏముంది?

శాతం పెంచే ఉపాయాలు

నిర్బంధంగా వేయించాలనేవాళ్ళు ఆస్ట్రేలియా పేరు చెబుతారు. 1924 నుంచి అక్కడ ఓటెయ్యకపోతే జరిమానా. గుజరాత్ స్థానిక ఎన్నికలకి అలాంటి చట్టమే తెచ్చింది, 2015లో హైకోర్టు ఆపేసింది. మన జాబితాలతో అది పెడితే మా కింది ఫ్లాటు పెద్దాయనకి జరిమానా నోటీసు వస్తుంది. వేతనంతో కూడిన సెలవు ఇప్పటికే చట్టంలో ఉంది. సొంతూరికి పోకుండా ఉన్నచోటినుంచే ఊరి ఓటు వేసే రిమోట్ యంత్రాన్ని చూపిస్తామని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలని పిలిచింది, చాలా పార్టీలు ఒప్పుకోలేదు, అది అటకెక్కింది. హైదరాబాద్ లాంటి ఊరికి నిజంగా పనికొచ్చేది అదొక్కటే అనిపిస్తుంది, దాన్ని ఎవరు నమ్ముతారన్నది వేరే సంగతి. జమిలి, అంటే అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకేసారి ఎన్నికలు పెడితే తెలంగాణలో లోక్‌సభ పోలింగ్ ఖాయంగా పెరుగుతుంది, ఎమ్మెల్యే మనుషులే ఎంపీ ఓటు కూడా లాక్కొస్తారు కాబట్టి. కానీ మల్కాజిగిరి ఓటరు ఐదున్నర నెలల తేడాలో చూపించిన ఆ స్వేచ్ఛ అప్పుడు ఎంత మిగులుతుందో. ఒడిశాలో ఒకే రోజు వేసినా రెండు రకాలుగా వేసినవాళ్ళు ఉన్నారు, ఆంధ్రలో మాత్రం ఎప్పుడూ దాదాపు జంటగానే పడతాయి.

జాబితాల ప్రక్షాళన సంగతి నాకు వీటన్నిటికంటే ఆసక్తి. బిహార్‌లో 2025లో ప్రత్యేక సమగ్ర సవరణ తర్వాత జాబితా 7.89 కోట్ల నుంచి 7.42 కోట్లకి తగ్గింది, పోలింగ్ 2020లో 57 దగ్గరుండేది 67కి చేరింది. అందులో పేర్లు తగ్గినందువల్ల పెరిగింది కొంతే, వేసిన మనుషుల సంఖ్య కూడా నిజంగానే పెరిగింది, ఈ రెండిటినీ విడదీసి చూపించే ఓపిక ఏ చానెల్‌కీ లేకపోయింది. ఆ తర్వాత 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకి ప్రకటించిన విడతలో తెలంగాణ లేదు. అలాంటి సవరణలో మల్కాజిగిరి 37 లక్షల్లోంచి ఒక ఏడు లక్షల పేర్లు పోయాయనుకోండి, అదే 19 లక్షల మంది వచ్చి వేసినా పోలింగ్ 63 శాతం. ఒక్క మనిషి కూడా కొత్తగా ఇల్లు కదలకుండానే మనమంతా బాధ్యత గల పౌరులమైపోతాం. పోయిన ఆ ఏడు లక్షల్లో వాచ్‌మన్ గది ముందు కుర్చీలో కూర్చుని రాసుకున్న వివరాల వల్ల గల్లంతైన అసలు మనుషులు ఎంతమందో అప్పుడు ఎవరూ అడగరు, శాతం బాగుంది కదా.

అందుకని వచ్చే లోక్‌సభ ఎన్నికల రాత్రి టీవీలో శాతం చెబుతుంటే నేను దాన్ని వదిలేసి, పోలైన ఓట్లు 19 లక్షలు దాటాయా లేదా అన్నది చూస్తాను. ఈలోపు నియోజకవర్గాల పునర్విభజన జరిగి మల్కాజిగిరిని ముక్కలు చేస్తే ఆ లెక్క కూడా పోతుంది, అప్పుడు ఒక్కో బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీలు తిరగేసుకుంటూ బూత్‌ల వారీగా కూడుకోవాలి.